ముద్ర చదివినవాడిదే బేరం

‘పాత పైపులు, 7, తాతగారివి.’ ఆన్‌లైన్ వేలంలో ఇలాంటి శీర్షిక కనిపిస్తే నా వేలు అక్కడే ఆగిపోతుంది. ఫోటోలు రెండే ఉంటాయి. వంటగది బల్ల మీద న్యూస్‌పేపరు పరిచి, ఏడు పైపులనూ బజారులో చేపల్లా పక్కపక్కన పేర్చి, పైనుంచి ఫ్లాష్ కొట్టి తీసింది ఒకటి. అదే బల్లను ఇంకో వైపు నుంచి తీసింది రెండోది. ఎవరు చేసినవో, ఎప్పటివో ఒక్క ముక్క లేదు. పాపం, అమ్మేవాళ్లకు తెలిస్తే కదా. తాతగారు పోయారు, ఇల్లు ఖాళీ చేయాలి, అటక మీద పెట్టెలో ఇవి దొరికాయి. ప్రారంభ ధర 10 డాలర్లు.

ఆ ఏడింటిలో ఆరు నిజంగానే ఆ పది డాలర్ల సరుకు కావచ్చు. ఏడోదాని కాడ మీద, ఫ్లాష్ వెలుగు సరిగ్గా పడని చోట, గుండ్రటి ముద్ర లాంటిదేదో మసగ్గా కనిపిస్తోంది. ఇదే పైపు శుభ్రపడి, మెరుగు పెట్టించుకుని, ముద్రలన్నీ దగ్గర నుంచి తీసిన పది ఫోటోలతో పాత పైపుల దుకాణంలో కూర్చుంటే దాని ధర ఎన్నో రెట్లు పెరుగుతుంది. మధ్యలో ఏం మారింది? మసి పోయింది కాబట్టి ధర పెరిగిందనుకుంటాం. మసి వదిలించడం ఒకటి రెండు సాయంత్రాల పని, దానికి ఇంత తేడా రాదు. అసలు సంగతేమిటంటే, ఈలోగా ఎవరో ఆ ముద్ర చదివారు.

ఒక మాట ముందే చెప్పేస్తాను. పైపు పొగైనా చుట్ట పొగైనా క్యాన్సర్ తెచ్చేదే, అందులో మొహమాటం లేదు. నేను రాస్తున్నది వస్తువు గురించి. పాత గడియారాలు, పెన్నులు పోగేసేవాళ్లలాగే పైపులు పోగేసేవాళ్లూ ఉన్నారు. వాళ్లలో అగ్గిపుల్ల గీయనివాళ్లూ ఉన్నారు.

ఇంతకీ ఎనభై, తొంభై ఏళ్ల పైపు ఇంకా గట్టిగా ఎలా ఉంటుంది? బ్రయర్ వల్ల. మధ్యధరా తీరాల్లో పెరిగే ఎరికా ఆర్బోరియా అనే పొదకు వేరూ కాండమూ కలిసేచోట గట్టి బుడిపె కడుతుంది. అది నిప్పుకు తొందరగా లొంగదు. దాన్ని కోసి, గంటల తరబడి ఉడకబెట్టి, నెలల తరబడి ఆరబెట్టి, అప్పుడు గిన్నె తొలుస్తారు. 19వ శతాబ్దం మధ్యలో ఫ్రాన్సులోని జురా కొండల్లో ఉన్న సెయింట్ క్లోడ్ అనే ఊరు ఈ పనికి పుట్టిల్లయింది. గిన్నె, దాని కాడ రెండూ ఒకే చెక్క. నోట్లో పెట్టుకునే స్టెమ్ మాత్రం వేరే ముక్క. పాత పైపుల్లో అది ఎక్కువగా వల్కనైట్, అంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు. ముద్రలు కొట్టేది కాడ మీద, కంపెనీ గుర్తు పొదిగేది స్టెమ్ మీద. ఈ రెండు చోట్లూ ఫోటోలో కనిపించాయా లేదా అన్నదాని మీదే మిగతా కథంతా నడుస్తుంది.

ఒంగోలు, టంగుటూరు, కందుకూరు వైపు పొగాకు వేలం కేంద్రాలు చూసినవాళ్లకు వేలమంటే ఒక దృశ్యం మనసులో ఉంటుంది. బేళ్లు వరసగా పెట్టి ఉంటాయి. కొనేవాళ్లు వాటి మధ్య నడుస్తూ ఆకు చేత్తో పట్టి, రంగు చూసి ధర కడతారు. సరుకు అందరి ముందూ ఒకేలా ఉంటుంది. ఆన్‌లైన్‌లో చేత్తో పట్టే అవకాశం లేదు కాబట్టి, ఒకే మసక ఫోటోలో ఒకరికి పాత చెక్కముక్క కనిపిస్తే ఇంకొకరికి 1930ల నాటి లండన్ పైపు కనిపిస్తుంది.

దీనికి తోడు ఆన్‌లైన్ వేలం నియమం ఒకటుంది. ఈబేలాంటి చోట మీరు ఇవ్వగలిగిన గరిష్ఠ ధర రాసిపెడతారు. మీ తరఫున సైటే, అవసరమైనంత వరకు మాత్రమే పాట పెంచుతూ పోతుంది. మీరు 80 డాలర్లు రాశారు, మీ తర్వాత ఎక్కువ రాసినవారు 31 రాశారు అనుకోండి. పైపు మీకు 32కి వస్తుంది. గెలిచింది మీరు, కానీ ధర నిర్ణయించింది రెండో మనిషి. ఈ పద్ధతిలోని లెక్కను విలియం విక్రీ అనే ఆర్థికవేత్త 1961లో విడమరిచి చెప్పాడు, 1996లో ఆయనకు నోబెల్ ప్రకటించారు. తమాషా ఏమిటంటే అంతకు చాలా ముందే, 19వ శతాబ్దం చివర్లోనే, తపాలా బిళ్లల వ్యాపారులు ఉత్తరాల మీద ఇలాంటి వేలాలు నడిపేశారు. పోగేసే పిచ్చి ఉన్నవాళ్లకు ఆర్థికశాస్త్రం పుస్తకం చదవకుండానే వస్తుందేమో.

రెండో మనిషే ధర నిర్ణయిస్తాడు కాబట్టి, పైపు ఎంత గొప్పదన్నది మీరు కట్టే డబ్బును తేల్చదు. ఆ గొప్పతనం మీరు కాక ఇంకొకరికి కూడా కనపడిందా అన్నదే తేలుస్తుంది. శీర్షికలో ‘డన్‌హిల్’ అనే పేరుమోసిన లండన్ కంపెనీ పేరు స్పష్టంగా రాసి, ముద్ర ఫోటో పెట్టిన పైపు చుట్టూ ప్రపంచంలోని సేకర్తలంతా మూగుతారు. అక్కడ గెలవడమే ఒక్కోసారి నష్టం. ఇరవై మంది తలా ఒక అంచనా వేస్తే గెలిచేది అందరికంటే ఎక్కువ వేసినవాడు, అంటే పొరపాటున అతిగా వేసినవాడు కావడానికే ఎక్కువ వీలు. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో చమురు బ్లాకుల వేలంలో కంపెనీలు ఇలాగే చేతులు కాల్చుకుంటున్నాయని 1971లో ముగ్గురు పెట్రోలియం ఇంజనీర్లు లెక్కవేసి చూపించారు. దాన్ని ‘విజేత శాపం’ అంటారు. పేరున్న పైపుల వేలాల్లో ఆ శాపం తగిలినవాళ్లను చాలామందినే చూశాను, అద్దంలో కూడా.

ఆఖరి పది సెకన్లలో పాట పాడే అలవాటు కూడా ఇక్కడి నుంచే వచ్చింది. గరిష్ఠ ధర ముందే రాసి పడుకోవచ్చు కదా, ఎందుకీ టెన్షన్ అనిపిస్తుంది. ఆల్విన్ రోత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2002లో ప్రచురించిన పరిశోధనలో దీన్నే చూశారు. అప్పట్లో అమెజాన్ కూడా వేలాలు నడిపేది. ఈబేలో గడువు కాగానే తలుపు మూసుకునేది, అమెజాన్‌లో చివర్లో ఎవరైనా పాడితే గడువు పెరిగేది. ఆఖరి నిమిషం పాటలు ఈబేలోనే బాగా ఎక్కువ. అందులోనూ కంప్యూటర్ల కంటే పురాతన వస్తువుల విభాగంలో ఎక్కువ. ఎందుకంటే కంప్యూటర్ విలువ అందరికీ తెలుసు, పాత వస్తువు విలువ తెలిసినవాళ్లు కొందరే. ఆ కొందరు ముందే పాడేస్తే, ‘ఇందులో ఏదో ఉంది’ అని మిగతావాళ్లకు చాటింపు వేసినట్టే. ఓ మసక ఫోటో మీద నాలుగు రోజుల ముందే మంచి పాట పడిందంటే నేను కూడా వెంటనే ఆ ఫోటో పెద్దది చేసి చూస్తాను.

ముద్ర ఫోటో పంపమని అమ్మేవారిని అడగడంలోనూ ఇదే చిక్కు. అడిగితే మీకు తెలుస్తుంది. కానీ ఆ ఫోటో వాళ్లు పేజీలో కూడా పెట్టేస్తే అందరికీ తెలుస్తుంది. అడగకపోతే గుడ్డిగా పాడాలి. ధర చిన్నదైతే అడగను, పెద్దదైతే అడుగుతాను, అంతే నా పద్ధతి. అవతలివాళ్లే ‘ఇది ఏమిటో మీకు తెలుసా’ అని అడిగితే మాత్రం ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఎదుటివాళ్లు చదవని ముద్రను నేను చదవడం వేరు, నోరు తెరిచి అబద్ధమాడి కొనడం వేరు.

ఇక ముద్రల సంగతి. మొదట చూడాల్సింది దేశం పేరు. అమెరికాకు వచ్చే సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలని 1890 నాటి సుంకాల చట్టం నియమం పెట్టింది. అందుకే యూరప్ పైపుల మీద ఊరూ దేశమూ కనిపిస్తాయి. రాజకీయ చరిత్ర ఆ ముద్రలోకి తెలియకుండానే ఎక్కింది. పశ్చిమ జర్మనీ అని ఉంటే 1949కీ 1990కీ మధ్యది. డబ్లిన్ కంపెనీ పీటర్సన్ పైపు మీద ‘ఐరిష్ ఫ్రీ స్టేట్’ అని ఉంటే, ఆ పేరుతో దేశం ఉన్నది 1922 నుంచి 1937 వరకే. ‘ఐర్’ అని ఉంటే దాని తర్వాతది. ‘రిపబ్లిక్ ఆఫ్ ఐర్లండ్’ అని ఉంటే 1949 దాటినట్టే. పీటర్సన్ గురించి అమ్మేవారికి ఏమీ తెలియకపోయినా, ఫోటోలో ఈ రెండు మూడు మాటలు చదవగలిగితే మీకు దశాబ్దం తెలిసిపోతుంది.

డన్‌హిల్ లెక్క ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఆల్ఫ్రెడ్ డన్‌హిల్ 1907లో లండన్‌లోని డ్యూక్ స్ట్రీట్‌లో దుకాణం తెరిచాడు. ఆయన పైపుల మీద ‘ఇంగ్లండ్’ అనే మాట చివరి అక్షరం పక్కనే ఒక అంకె ఉంటుంది, అది సంవత్సరం. 1960ల నుంచి వచ్చినవాటికి ఆ అంకెను 1960కి కలపాలి. 25 ఉంటే 1985. అంతకు ముందు చాలావాటిలో ఒకే అంకె కాబట్టి 5 అంటే 1925 కావచ్చు, 1945 కావచ్చు, 1955 కావచ్చు. అప్పుడు పక్కన పేటెంట్ నంబరు ఉందేమో వెతకాలి. 1950ల మధ్యకు వచ్చేసరికి పేటెంట్ నంబర్లు కొట్టడం మానేశారు. అంకె ఒక్కటే చూసి ‘యుద్ధానికి ముందుది’ అని శీర్షిక పెట్టేవాళ్లు చాలామంది. ఇంకొకటి, స్టెమ్ మీది తెల్ల చుక్కను నమ్మి డబ్బు పెట్టకండి. డన్‌హిల్ గుర్తు అదే, నిజమే. కానీ తెల్ల చుక్క పెట్టుకున్న కంపెనీలు వేరేవీ ఉన్నాయి, స్టెమ్ మార్చేసిన పైపులూ ఉన్నాయి. చుక్క స్టెమ్ మీద ఉంటుంది, ముద్ర కాడ మీద ఉంటుంది. రెండూ ఒకే కథ చెబితేనే నమ్మాలి.

నా దృష్టిలో అసలు బేరాలున్నది డన్‌హిల్ దగ్గర కాదు, రెండో వరస పేర్ల దగ్గర. కోమోయ్ కుటుంబం సెయింట్ క్లోడ్ నుంచి వచ్చి 1879లో లండన్‌లో పని మొదలుపెట్టింది. సొంత పేరుతో అమ్మే పైపులతో పాటు, చెక్కలో చిన్న లోపాలున్నవాటిని గిల్డ్‌హాల్, ఎవ్రీమ్యాన్ లాంటి వేరే పేర్లతో అమ్మింది. ఊళ్లలోని పొగాకు దుకాణాల పేర్లతో కూడా చేసిచ్చింది. పేరు ఏదైనా కాడకు ఒక పక్కన ‘మేడ్ ఇన్ లండన్’ అని గుండ్రంగా తిరిగి, దాని కింద ‘ఇంగ్లండ్’ అని ఉంటే అది ఆ కర్మాగారంలో పుట్టిందే అయ్యుండాలి. మొదట చెప్పిన ఏడో పైపు మీద నాకు మసగ్గా కనపడింది ఈ గుండ్రమే. అలాగే అసలు కోమోయ్ స్టెమ్ మీద ‘సి’ అక్షరం ఉంటుంది. పాతవాటిలో అది మూడు ముక్కలుగా పొదిగింది: తెల్ల బిళ్ల, మధ్యలో నల్ల బిళ్ల, పక్కన నోరు తెరవడానికి ఇంకో నల్ల ముక్క. తర్వాతి కాలంలో అంత శ్రమ మానేశారు. అంచు పదునుగా ఉన్న ఆ ‘సి’ చెడ్డ ఫోటోలో కూడా దొరికిపోతుంది. డన్‌హిల్‌కు కూడా పార్కర్ అని ఇలాంటి తోబుట్టువు ఉంది. ఒకప్పుడు డన్‌హిల్‌లో పనిచేసిన జోయెల్ సాసియేని 1919లో సొంతంగా పెట్టిన కంపెనీ స్టెమ్ మీద లేత నీలం చుక్కలు పెట్టేది. మేలు రకానికి నాలుగు చుక్కలు.

వెండి పట్టీ ఉన్న పైపు చూడగానే మనసు లాగేస్తుంది. బ్రిటిష్ వెండి మీద హాల్‌మార్క్ ఉంటుంది: నడుస్తున్న సింహం అంటే 92.5 శాతం వెండి, లంగరు అంటే బర్మింగ్‌హామ్, చిరుతపులి తల అంటే లండన్, మూడు గోధుమ పనలూ కత్తీ అంటే చెస్టర్. చెస్టర్ కార్యాలయం 1962లో మూతపడింది కాబట్టి ఆ గుర్తుంటే దాని ముందుదే. పక్కనున్న అక్షరం సంవత్సరం చెబుతుంది. ఇక్కడ కొత్తవాళ్లు పడే గుంట ఒకటుంది. పీటర్సన్ తన నికెల్ పట్టీల మీద కూడా మూడాకుల షామ్‌రాక్, తోడేళ్లను వేటాడే కుక్క, గుండ్రటి బురుజు గుర్తులు కొట్టింది. చూడ్డానికి అచ్చం హాల్‌మార్క్‌లాగే ఉంటాయి. ‘వెండి పట్టీతో’ అని నిజాయితీగానే రాసి నికెల్ అమ్మేవాళ్లున్నారు.

రెండో గుంటలో నేనే పడ్డాను. బర్మింగ్‌హామ్ లంగరు, తేదీ అక్షరం అన్నీ చక్కగా చదివి, 1920ల పైపు దొరికిందని మురిసిపోయి పాడాను. వచ్చింది. గొట్టంలో పుల్ల పెట్టి శుభ్రం చేస్తుంటే పట్టీ కొద్దిగా కదిలింది. జరిపి చూస్తే కింద కాడ పొడవునా బీట. ఆ పైపుకు పుట్టుకతో పట్టీ లేదు. ఎప్పుడో కాడ పగిలితే ఎవరో కంసాలి కట్టు కట్టాడు. హాల్‌మార్క్ చెప్పింది నిజమే, కాకపోతే అది కట్టు వయసు. అమ్మినవారిని ఏమనగలను, వాళ్లకీ తెలియదు. అప్పటి నుంచి పట్టీ అంచు కాడ మీది అక్షరాలను కప్పేస్తోందా అని చూస్తాను. కర్మాగారంలో వేసిన పట్టీ అయితే ముద్రకు చోటు వదిలి ఉంటుంది.

వస్తువు స్థితి గురించి జనం తప్పుడు భయాలు పెట్టుకుంటారు. ఫోటోలో అసహ్యంగా కనిపించేవే సులువుగా పోతాయి. స్టెమ్ ఆకుపచ్చగానో పసుపుగానో మారి ఉంటే అది వెలుతురు తగిలి వల్కనైట్ పైపొర పాడవడం, అంతే. నానబెట్టి, సన్నటి గరుకు కాగితంతో రుద్దితే నలుపు తిరిగొస్తుంది. పొదిగిన గుర్తు అరిగిపోకుండా చూసుకోవాలి. పళ్ల గాట్లు పైపైన ఉంటే మెల్లగా వేడి చూపిస్తే పైకి ఉబుకుతాయి. గిన్నె లోపల పేరుకున్న మసి పొరను తొలిచేయవచ్చు, తొలచాలి కూడా, ఎందుకంటే మందంగా వదిలేస్తే వేడికి అది ఉబ్బి గిన్నెను పగలగొడుతుంది. పాత వాసన పోవడానికి గిన్నెలో ఉప్పు పోసి, ఆల్కహాల్‌తో తడిపి రాత్రంతా ఉంచుతారు. పొద్దున్నకు ఉప్పు చిక్కటి కాఫీ రంగుకు తిరుగుతుంది.

భయపడాల్సినవి ఫోటోలో నాజూగ్గా కనిపిస్తాయి. బాగా మెరుస్తున్న పైపు, కానీ ముద్ర అక్షరాలు సగం అరిగిపోయాయి: ఎవరో మెరుగు చక్రం మీద మితిమీరి పట్టారు. పై అంచు చదునుగా, కొత్తగా ఉంది, గిన్నె కాస్త పొట్టిగా కనిపిస్తోంది: కాలిన అంచును కోసేశారు. కాడా స్టెమూ కలిసేచోట మెట్టులా ఉంది: స్టెమ్ వేరే పైపుది. గిన్నె బయట ఒకేచోట నల్లటి మచ్చ ఉంటే లోపల గోడ కాలిపోతోందేమో, దానికి మందు లేదు. చెక్కలో అక్కడక్కడా గులాబీ రంగు చుక్కలుంటే అది లప్పం. తప్పేమీ కాదు, కానీ మేలు రకం ధర మాత్రం పెట్టకూడదు.

వెతకడంలో పెద్ద రహస్యమేమీ లేదు, స్పెల్లింగు తప్పులే మన మిత్రులు. డన్‌హిల్‌లో ఒక ‘ఎల్’ తగ్గించి, పీటర్సన్‌లో ‘ఓ’ బదులు ‘ఈ’ పెట్టి వెతకండి. మీర్‌షామ్ అనే తెల్లరాతి పైపు స్పెల్లింగు సరిగ్గా రాసేవాళ్లకంటే తప్పు రాసేవాళ్లే ఎక్కువేమో. గంపగుత్త అమ్మకాలు చూడండి. ఫ్రెంచి, జర్మన్ సైట్లలో ఆ భాష మాటలతో వెతకండి. విభాగం తప్పుగా పెట్టినవి కూడా. పొగాకు పైపును ప్లంబింగ్ సామాను పక్కన చూసిన రోజు ఉంది. పాడే ముందు ‘అమ్ముడైనవి’ అనే వడపోత నొక్కి అసలు ధరలు చూడండి. అడిగే ధరలకు ఏ అర్థమూ లేదు, ఎవరైనా ఎంతైనా అడగొచ్చు.

పాత మీర్‌షామ్ పైపుల దగ్గర ఒక జాగ్రత్త. రాయి వచ్చింది టర్కీలోని ఎస్కిషెహిర్ నుంచే కావచ్చు, స్టెమ్ మాత్రం ఏనుగు దంతం కావచ్చు. ఈబే 2009లోనే దంతం అమ్మకాలను నిషేధించింది. మన దేశంలోనైతే వన్యప్రాణి చట్టంతో వ్యవహారం. అనుమానం ఉంటే వదిలేయడమే.

ఇండియాలో ఉన్నవాళ్లకు ఇంకో లెక్క ఉంది. ఈబే ఇండియా సైటు 2018లో మూతపడింది కాబట్టి అమెరికా, బ్రిటన్ సైట్ల నుంచే తెప్పించుకోవాలి. రవాణా, కస్టమ్స్ సుంకం కలిస్తే 20 డాలర్ల బేరం ఇంటికొచ్చేసరికి బేరం కాకుండా పోతుంది. అమెరికాలో అన్నయ్యో మేనకోడలో ఉంటే వాళ్లింటికి పంపించి, సెలవులకు వచ్చేటప్పుడు తెమ్మనడం మనవాళ్లకు తెలియని విద్య కాదు. బ్రిటన్‌లోని వేలం కంపెనీల దగ్గర పాడితే, పలికిన ధర మీద కొనేవారి రుసుము కూడా కలుస్తుంది. తరచుగా అది 20 శాతం పైనే. అందుకని నేను గరిష్ఠ ధరను వెనక నుంచి లెక్కేస్తాను: శుభ్రం చేశాక ఎంతకు పోతుంది, అందులోంచి రవాణా తీసేయ్, ముద్ర నేను తప్పు చదివి ఉండే అవకాశానికి కొంత తీసేయ్. మిగిలింది రాసి, ఆఖరి ఏడెనిమిది సెకన్లలో నొక్కుతాను.

ఆ ఏడు పైపుల గంపకు నా లెక్క 65 డాలర్లు తేలింది. వారమంతా పాట 14 దగ్గరే నిలబడింది. చివరి నిమిషంలో కూడా 14. ఎనిమిది సెకన్లుండగా నొక్కాను, పేజీ తిరిగి తెరుచుకునేసరికి 66 అని ఉంది, గెలిచింది నేను కాదు. ఆ గుండ్రటి ముద్రను ఎక్కడో ఇంకొకరు కూడా చదివారన్నమాట. పద్నాలుగు, పదిహేను డాలర్లకు రావాల్సిన గంప ఆ మనిషికి 66 పడింది. ఆ ధర నిర్ణయించింది నేనే.